బాబా ఇచ్చిన మడిచెక్క

ఏం పని చేస్తుంటారు అని అడిగినవాళ్ళకు ఈ మధ్య సగమే చెప్తున్నాను. "యూనిలో పాఠాలు చెప్తాను" అని ఆగిపోతాను. మిగతా సగం చెప్పే ఓపిక లేదు. ఓపిక ఉన్న రోజుల్లో మొత్తం చెప్పేదాన్ని: ఆరేడు వందల ఏళ్ళ కిందట బాల్కన్ దేశాల్లో దొరలు తమను నమ్ముకున్న బంట్లకు భూములు ఎలా ఇచ్చేవారు, ఇచ్చినవి మళ్ళీ ఎలా లాక్కునేవారు అన్నది నా చదువు. అంతా విన్నాక మా అడిలైడ్ తెలుగు ఇళ్ళలో ఎవరో ఒక అంకుల్ తప్పకుండా అడిగేవారు, "బాల్కనీల మీద కూడా పీహెచ్‌డీ ఇస్తారామ్మా?" అని. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత కొన్నేళ్ళు వివరించాను. ఇప్పుడు "ఇస్తారంకుల్, గ్రిల్‌తో సహా" అనేసి పులిహోర వైపు నడుస్తున్నాను.

నాది సెషనల్ ఉద్యోగం. అంటే ప్రతి సెమిస్టరుకూ పిలుస్తారు. పిలవకపోతే ఏమని అడగకూడదు. మా ఆయన దాన్ని సీజనల్ అంటాడు, మామిడికాయల్లాగా. నాకు పాఠం ఉంది గాని పీఠం లేదు. ఒకప్పుడు సెమిస్టరంతా సాగిన నా బాల్కన్ దొరలు ఇప్పుడు మధ్యయుగాల కోర్సులో ఒక్క లెక్చరుకు కుదించుకుపోయారు. ఆ లెక్చరుకు పిల్లలు నిద్ర తీర్చుకోవడానికి వస్తారు. వాళ్ళను తప్పు పట్టను. చెప్తుంటే నాకూ ఆవలింతలు వస్తాయి.

ఆ ఒక్క లెక్చరులో చెప్పేది ఇంతే. ఆ కాలపు సెర్బియాలో భూమి రెండు రకాలు. ఒకటి బాష్టినా, మన పిత్రార్జితం లాంటిది. తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. రెండోది ప్రొనియా, మన మాన్యం లాంటిది. దొరకు సేవ చేసినంత కాలం అనుభవించు, అమ్ముకోవద్దు, సేవ మానితే దిగిపో. మా అమ్మ వైపు ముత్తాత అనంతపురం జిల్లాలో ఒక చెరువుకు నీరుగంటి. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసే పని. ఆ పనికి ఊరు ఆయనకు కాస్త నేల మాన్యంగా ఇచ్చింది. పోనుపోను చెరువు ఎండింది, నీళ్ళు వదిలే పని పోయింది, చట్టాలు మారాయి. నేల మాత్రం మావాళ్ళకు ఉండిపోయింది. సేవ పోయి నేల మిగలడం చరిత్రలో మామూలు సంగతే. దొరల గోలంతా అందుకే.

నేను మాత్రం మాన్యం లేని సామాన్యురాలిని. మాసన్ లేక్స్‌లో మా ఇంటి వెనక ఉన్నది పెరడు కాదు, పేవర్లనే సిమెంటు పలకలు. వాటి మధ్య ఒక బట్టలారేసే తీగ. తొట్లలో పెంచిన కరివేపాకు తప్ప నేను పట్టుకున్న మట్టి లేదు. బాబా ఆ మడిచెక్క ఇచ్చేదాకా.

బాబా అంటే గడ్డం ఉన్న బాబా కాదు. సెర్బియన్‌లో బాబా అంటే అవ్వ. ఈ సంగతి తెలియక మా తెలుగు ఆడవాళ్ళు చాలాకాలం నన్ను గౌరవించారు. "గురువారం రాను, మా బాబా దగ్గరికి పోవాలి" అంటే, "గురువారమే కదా మరి. ప్రసాదం ఏమిస్తారు?" అని అడిగింది ఒకామె. "మటిక్కాయలు" అన్నాను. మా అనంతపురంలో గోరుచిక్కుళ్ళను అలాగే అంటాం. తర్వాత కొన్ని తెచ్చిస్తే ఆమె కళ్ళకద్దుకుని తీసుకుంది.

మా ఇంటి నుంచి ఉత్తరానికి కాస్త దూరం పోతే వరసగా గ్లాస్‌హౌస్‌లు వస్తాయి. గాజు పందిళ్ళ కింద టమాటాలు, దోసకాయలు పండించే నేలలు. ఒకరోజు ఆ దారిలో "టొమాటో" అని రంగుతో రాసిన చెక్క చూసి కారు ఆపాను. గేటు లోపల తలకు నల్లగుడ్డ కట్టుకున్న ముసలామె కోళ్ళను తిడుతోంది. ఆమె తిడుతున్న భాష నేను అప్పటిదాకా కళ్ళతో మాత్రమే విన్న భాష. ప్రాణం లేచొచ్చింది. గేటు పట్టుకుని ఆ భాషలోనే పలకరించాను.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట చెప్పుకోవాలి. నాకు వచ్చిన సెర్బియన్ అంతా రాజుల దానపత్రాల్లోది. ఆ పత్రాల్లో రాజు "నేను" అనడు. "మా రాజత్వం" అంటాడు. నాకు నోటికి తిరిగిన మాట కూడా అదే. కాబట్టి నేను ఆవిడతో అన్నది ఇది: "మా రాజత్వానికి టమాటాలు అవసరమై ఉన్నవి."

ముసలామె కోళ్ళను వదిలి నావైపు తిరిగింది. నాది చీర మీద స్వెటర్, కాళ్ళకు రన్నింగ్ షూస్. కింది నుంచి పైదాకా చూసింది.

"రాజత్వం సంచి తెచ్చుకుందా?" అంది.

అలా మొదలైంది. భర్త పోయాడు. కొడుకు ప్లంబరు, ఊరికి దక్షిణాన ఆ చివర ఉంటాడు. ఆవిడకు కారు నడపడం రాదు, ఇంగ్లీషు టమాటాల దాకే వచ్చు. గురువారం నాకు క్లాసులుండవు. ఒక గురువారం మందుల షాపుకు తీసుకెళ్ళాను. తర్వాత వారం రక్తపరీక్షకు. ఆ తర్వాత కాళ్ళ డాక్టరుకు. కొన్నాళ్ళకు నేను వెళ్ళేసరికి హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేది. ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఒకసారి అడిగితే, "అది కొట్టులో చెప్పే మాట" అంది. నా సెర్బియన్ మెరుగుపడలేదు. "నువ్వు మాట్లాడితే మా ఊరి చర్చి గోడ మాట్లాడినట్టుంటుంది పిల్లా" అనేది. యాభై దాటిన నన్ను పిల్లా అనేవాళ్ళు ఈ ఖండంలో ఇంకెవరూ లేరు. అందుకే గోడననిపించుకున్నా బాధ లేకపోయింది.

ఒక సెప్టెంబరులో, ఇక్కడి చలి విరిగే రోజుల్లో, నన్ను చివరి గ్లాస్‌హౌస్ వెనక్కి తీసుకెళ్ళింది. అద్దాలు పగిలి చాలాకాలంగా బీడుపడిన చోటు. "ఇక్కణ్ణుంచి ఆ అంజూరపు చెట్టు దాకా నీది. ఏమన్నా వేసుకో" అంది. నేను ఏదో అనబోయేలోగా పారతో గడ్డితో సహా ఒక మట్టిగడ్డ పెకిలించి నా నెత్తిన పెట్టింది.

"నడువు."

ఎందుకు నడవమంటోందో నాకు తెలుసు. ఆ కొండల్లో పూర్వం హద్దుల దగ్గర తగవు వస్తే ఊరి పెద్ద నెత్తిన మట్టిగడ్డ పెట్టుకుని హద్దు వెంట నడిచేవాడు. నెత్తిన నేలతల్లి ఉండగా అబద్ధపు అడుగు వేస్తే ఆ మట్టే అణిచేస్తుందని నమ్మకం. దాని మీద నేను మెల్‌బోర్న్‌లో ఒక సభలో పేపరు చదివాను, బొమ్మలతో సహా. అప్పుడు ఏసీ హాలు, నెత్తిన మట్టి లేదు. ఇప్పుడు జాకెట్టు మెడలోంచి వీపు మీదికి వానపాము ఒకటి జారుతోంది. కిక్కురుమనకుండా నడిచాను. బాబా కర్ర ఊతంగా నా వెనకే నడుస్తూ చెప్పింది:

"నేను ఈ ఇంట్లో ఉన్నంత కాలం, నువ్వు గురువారం వచ్చినంత కాలం నీది. అమ్ముకోకు. ఇంకొకరికి ఇవ్వకు."

"శాపం లేదా బాబా? పత్రాల చివర్లో ఉంటుంది."

మన శాసనాల్లోనూ ఉంటుంది. ఇచ్చిన నేల లాక్కున్నవాడు వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని. వాళ్ళ పత్రాల్లో దేవదూతలంతా కట్టగట్టుకుని శపిస్తారు. బాబా కాసేపు ఆలోచించింది.

"లాక్కున్నవాడికి మోకాళ్ళ నొప్పులు రావాలి."

"అవి నాకిప్పుడే ఉన్నాయి."

"నువ్వు మంచిదానివి కాబట్టి ముందే వచ్చాయి" అంది.

ఇంటికొచ్చి తలంటుకుంటుంటే బాత్రూం బయట నిలబడి మా అమ్మాయి విషయమంతా విన్నది. ఇక్కడే పుట్టిన పిల్ల. నేను తెలుగులో చెప్తాను, తను ఇంగ్లీషులో తీర్పు చెప్తుంది. "సో యూ వర్క్ ఫర్ హర్, అండ్ షీ లెట్స్ యూ గ్రో బీన్స్. అమ్మా, యూ ఆర్ బేసికల్లీ ఎ సర్ఫ్."

"వెట్టి చేసే సర్ఫ్‌ను కాదే. బంటుని. వేరే అది."

"ఓకే. కంగ్రాట్స్ ఆన్ ద ప్రమోషన్."

నవ్వులాటకే గాని, నాకొచ్చిన ప్రమోషన్ నిజంగా అదొక్కటే. సెమిస్టరు అయిపోగానే అయిపోనిది నా చేతిలో ఇంకేదీ లేదు. మటిక్కాయలు వేశాను, పసుపుపచ్చ దోసకాయలు వేశాను. దోసకాయలు పండటం చూసి బాబా తల పట్టుకుంది. "పచ్చగా ఉన్నప్పుడే కోయాలి. పసుపు రంగుకొస్తే మావాళ్ళు పందికి వేస్తారు." పప్పులో వేసి తెచ్చిపెట్టాను. తిన్నది. "పంది అదృష్టవంతురాలు" అంది.

పోయిన ఫిబ్రవరిలో, ఎండ నలభై దాటిన ఒక మధ్యాహ్నం, గ్లాస్‌హౌస్‌లో పడిపోయింది. గురువారం కాదు, నేను లేను. పక్క బ్లాకులో కొత్త ఇల్లు కడుతున్న పనివాళ్ళు చూసి అంబులెన్సును పిలిచారు. మణికట్టు విరిగింది, తుంటి మాత్రం విరగకుండా బయటపడింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కొడుకు కొన్నాళ్ళు వచ్చి అక్కడే పడుకున్నాడు. ఆ శనివారమే మా ఇంటికొచ్చాడు.

అరవై దాటిన మనిషి. పని నిక్కరు, ఎర్రబడిన కళ్ళు. ఎవరూ చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట విడిచాడు. వాళ్ళింట్లోనూ అదే పద్ధతి. మా ఆయన టీ ఇచ్చాడు. అతను కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు.

"లుక్, మీరు మా అమ్మకు చేసినవన్నీ నాకు తెలుసు. ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీకు ఆవిడ ఏమన్నా రాసిచ్చిందా?"

"లేదు" అన్నాను. "మట్టిగడ్డ పెట్టింది."

"ఏంటి?"

"ఏం రాసివ్వలేదు."

అతను నిట్టూర్చాడు. "మరి ఎందుకు కదలదు? ఒంటరిగా ఉండొద్దని డాక్టరు చెప్పాడు. మా ఇంటి పక్క వీధిలోనే ఏజ్డ్ కేర్‌లో గది దొరికింది. కిటికీ ఉంది, ఎండ వస్తుంది. నెలాఖరు దాకా ఆపుతామన్నారు, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియదు. ఇన్నాళ్ళూ నేను రమ్మంటే కోళ్ళున్నాయనేది. ఇప్పుడు కోళ్ళు లేవు. ఇప్పుడు మీరున్నారు. 'ఈ ఇంట్లో ఉన్నంత కాలం ఆ చెక్క ఆ పిల్లదని మాటిచ్చాను. నేను కదిలితే మాట తప్పినదాన్నవుతాను' అంటోంది." కప్పు కింద పెట్టాడు. "ఫోన్ మోగితే చాలు, నాకు గుండె ఆగుతోంది. ఆ నేల వద్దని మీరే చెప్పండి. మీరు చెప్తే వింటుంది."

చెప్తానన్నాను. అదేమంత కష్టం, వద్దనడమే కదా అనుకున్నాను.

సోమవారం క్లాసవగానే వెళ్ళాను. బాబా కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. దారంతా మాట కోసం వెతుక్కుంటూనే ఉన్నాను. దానపత్రాల భాషలో ఇవ్వడానికి ఎన్ని మాటలో ఉన్నాయి: ప్రసాదించాను, ధ్రువపరిచాను, అనుగ్రహించాను. లాక్కోవడానికీ ఉన్నాయి. బంటు తనంతట తాను తిరిగి ఇచ్చేయడానికి మాత్రం నేనెరిగిన మాట లేదు. ఆ పని చేసినవాడే లేనట్టుంది. చివరికి నాకు చేతనైనట్టు అన్నాను.

"బాబా, మా రాజత్వానికి ఆ నేల వద్దు."

ఎప్పుడూ నవ్వే మాటకు నవ్వలేదు.

"చిన్నదనా?"

"కాదు."

"మంచిది కాదనా?"

"అయ్యో, అది కాదు బాబా."

"నా కొడుకు పంపాడా?"

నేను ఆవిడ చేతి కింద దిండు సర్దాను.

"ఇచ్చినది వద్దని మొహాన కొట్టేవాడు శత్రువు. నువ్వు నాకు శత్రువువా?"

"కాదు."

"అయితే పోయి నీళ్ళు పెట్టు. ఆకులు వేలాడుతున్నాయి, పొద్దున్నుంచి చూస్తున్నా."

పోయి నీళ్ళు పెట్టాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వంటింట్లో ఉన్నాడు. బయట ఇంగ్లీషు, ఇంట్లో ధర్మవరం.

"ఏమనింది?"

"నీళ్ళు పెట్టమనింది."

"పెట్టినావా?"

"పెట్టినా."

చాలాసేపు నవ్వాడు. "నిన్ను పంపిచ్చింది రాజీనామా ఇయ్యమని. నువ్వు ఓవర్‌టైమ్ చేసొచ్చినావు."

నవ్వు రాలేదు నాకు. కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఆ గది గుర్తొచ్చింది. కిటికీ ఉన్న గది, నెలాఖరు దాకానే ఆగే గది. ఆ మంచానికీ ఆవిడకీ మధ్య అడ్డం నిలబడింది నా మటిక్కాయల పాదు. మా ఆయన అన్నం వడ్డిస్తూ, "ఇంగ రెండుసార్లు చెప్తే వింటుందిలే" అన్నాడు. వినదు. ఆవిడకు ఇవ్వడం తెలుసు, ఇచ్చినదాని మీద నిలబడటం తెలుసు. నేను వద్దన్నకొద్దీ ఇంకా గట్టిగా నిలబడుతుంది.

ఆ బుధవారమే నా ఏడాదికొక్క లెక్చరు. వెనక వరసలో ఎప్పటిలాగే నిద్రలు. ప్రొనియా ఎలా పోతుంది అనే స్లైడు వచ్చింది. ఆ స్లైడు నేను తయారుచేసి ఎన్నేళ్ళయిందో, చదివి అన్నేళ్ళయింది. ఇచ్చిన దొర పోతే పోతుంది. దొరకు ద్రోహం చేస్తే పోతుంది. పిలిచిన రోజు సేవకు హాజరు కాకపోతే పోతుంది.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "ఒక్కసారి రాకపోయినా పోతుందా? సిక్ లీవ్ లేదా?"

హాల్లో కాస్త నవ్వులు. నేను స్లైడునే చూస్తున్నాను. బంటు తప్పు చేస్తే దొర మాట తప్పినట్టు కాదు కదా అనుకుంటున్నాను. ఇచ్చిన మాట అలాగే నిలబడి ఉంటుంది, చెడ్డపేరు బంటుదవుతుంది. స్లైడు మార్చమని ఎవరో గుర్తుచేశారు.

సాయంత్రం బాబా కొడుక్కి ఫోన్ చేశాను. "రేపు నేను రాను. రక్తపరీక్షకు మీరే తీసుకెళ్ళండి. నేనెందుకు రాలేదని అడిగితే తెలియదనండి."

"ఎందుకు రావట్లేదు?"

"మీకు నిజంగా తెలియకపోతేనే సరిగ్గా చెప్తారు."

"మీరు వద్దని చెప్పలేదా?"

"చెప్పాను. పనిచేయలేదు."

గురువారం పొద్దున అలవాటు కొద్దీ కారెక్కాను. అలవాటు కొద్దీ ఉత్తరానికి తిరగబోయి, మా లేక్స్‌లోని చెరువు దగ్గర ఆపాను. ఇది మనుషులు తవ్వించిన అలంకారపు చెరువు. ఎవరి మడికీ నీళ్ళు వదలదు. బెంచీ మీద కూర్చుని పిల్లల వ్యాసాలు దిద్దడం మొదలుపెట్టాను. ఒకే పేరా పదే పదే చదివాను. బాతులు వచ్చి చూసి పోయాయి. ఇప్పుడు హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది అనుకున్నాను. ఇప్పుడు గుమ్మంలోంచి రోడ్డు వైపు చూస్తుంటుంది. ఫోన్ మోగింది, ఆవిడ ఇంటి నంబరు. బ్యాగులో పెట్టి జిప్పు వేశాను. బ్యాగులోంచి కూడా వినిపించింది. కాసేపటికి మళ్ళీ మోగింది. ఆ తర్వాత మోగలేదు. మోగకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

చీకటి పడుతుండగా కొడుకు ఫోన్ చేశాడు. వెనక ఏవో గిన్నెల చప్పుడు.

"ఇవాళ ఏం జరిగిందో చెప్తే నమ్మరు" అన్నాడు. "నేను వచ్చేసరికి తలగుడ్డ కట్టుకుని తయారై కూర్చుంది. 'ఆ పిల్లేది?' అంది. తెలియదన్నాను. కారెక్కనంది. మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవలేదు. తర్వాత లేచి, సరే పద అంది. పరీక్ష చేయించుకుని తిరిగొచ్చాం. రాగానే వాకర్ తోసుకుంటూ ఆ మడి దగ్గరికి పోయింది. నాతో మట్టి తవ్వించింది." ఆగాడు. "దాన్ని నా నెత్తిన పెట్టుకోమంది."

"ఎటు నుంచి నడిపించింది?"

"అంజూరపు చెట్టు నుంచి ఇటు. మీకెలా తెలుసు నడిచానని?"

"ఊరికే అడిగాను."

"నాకు అరవై రెండేళ్ళు. పక్క ఇంటి కప్పు మీంచి పనివాళ్ళు ఫోటోలు తీస్తున్నారు. ఒకసారి నడిస్తే సరిపోలేదు, వంకరగా నడిచానని మళ్ళీ నడిపించింది. మోకాలు పట్టేసింది, ఐసు పెట్టుకుని కూర్చున్నా." ఆయాసంగా నవ్వాడు. "మొక్కలు పీకలేదు. ఉన్న కాయలన్నీ కోయించింది. ఇక ఆ నేలా, కాయలూ తనవేనంట. ఇప్పుడు ఏ గిన్నెలు తీసుకెళ్ళాలో ఏరుతోంది. వస్తానంది. ఆదివారం తీసుకెళ్తున్నా. మీరేం చేశారో నాకు అర్థం కాలేదు గాని, థాంక్స్."

కొట్టులో చెప్పే మాటే. అయినా తీసుకున్నాను.

"నా గురించి ఏమన్నా అందా?"

అతను తటపటాయించాడు. "మంచి మాట కాదులెండి. పాత మాట ఏదో. నేనెప్పుడూ వినలేదు."

"నెవెరా?"

"ఆ, అదే. అంటే ఏంటి?"

"విశ్వాసం తప్పడం" అన్నాను. ఆ పత్రాల్లో భూమి పోవడానికి ఆ ఒక్క మాట చాలు. ఎందరి పేర్ల పక్కన చదివానో ఆ మాట, ఎన్నిసార్లు పరీక్షల్లో పిల్లల్ని అడిగానో. ఫోన్ పెట్టేసి బట్టలు తీద్దామని వెనక్కి వెళ్ళి, తీగ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అవి ఇంకా ఆరలేదు.

బాబా ఆదివారం వెళ్ళిపోయింది. తర్వాత గురువారం నాకు పోవలసిన చోటు లేదు. అయినా పొద్దున్నే తయారయ్యాను. మా ఆయన చూసి, "ఇంగ యాడికి?" అన్నాడు. "నీకు నేల ల్యాకపాయె, పని ల్యాకపాయె."

"ఊరికే పోయొస్తా."

మాసన్ లేక్స్ నుంచి దక్షిణాన ఆ చివరికి, ఊరంతా దాటుకుని, ట్రాఫిక్‌లో పోతుంటే కొలువు గురించే ఆలోచించాను. సేవ పోయి నేల మిగిలినవాళ్ళ గురించి నా దగ్గర కావలసినన్ని పుస్తకాలున్నాయి. నేల పోయి సేవ మిగిలినదాన్ని ఏమంటారో వాటిలో ఉన్నట్టు గుర్తులేదు. మా ముత్తాతనడిగితే వెట్టి అనేవాడు. అది కూడా సరిపోదు. వెట్టికి పిలిచేవాడు ఒకడుండాలి. నన్ను ఎవరూ పిలవలేదు. దారిలో చెప్పుకోవడానికి అబద్ధాలు రెండు మూడు సిద్ధం చేసుకున్నాను, పాత సెర్బియన్‌లో. జ్వరం. కారు. యూనిలో మీటింగు, మీటింగు అనే మాటకు పద్నాలుగో శతాబ్దంలో ఏం వాడాలో తేలలేదు.

గదిలో నిజంగానే ఎండ వస్తోంది. బాబా కిటికీ పక్కన కుర్చీలో ఉంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో లేదు, మంచం కింద ఉంది. నన్ను చూసి కిటికీ వైపు తిరిగింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వరండాలో టీ బండి చప్పుడు దగ్గరికొచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"గురువారం రాలేదు" అంది కిటికీతో.

"రాలేదు."

"జ్వరమా?"

"కాదు."

"కారు చెడిందా?"

"లేదు బాబా."

"మరి?"

తెచ్చుకున్న అబద్ధాల్లో ఒక్కటి నోటికి రాలేదు. "రాలేదు. అంతే."

ఇటు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. ఏం చూసిందో, ఎంత చూసిందో నాకు తెలియదు. అడగలేదు, అడగను కూడా. తర్వాత మంచి చెయ్యి నా ఒళ్ళో పెట్టింది.

"గోళ్ళు తీయి. ఇక్కడి పిల్ల వంకరగా తీస్తుంది."

హ్యాండ్‌బ్యాగులో ఉంది కట్టర్. బొటనవేలి దగ్గర మొదలుపెట్టాను. గోళ్ళ చివర్లలో ఆ మడి మట్టి ఇంకా నల్లగా ఉంది.

"నీ చిక్కుళ్ళు నా కొడుకు వండాడు" అంది. "చేదు."

"ఈనెలు తీయలేదేమో."

"నువ్వు చెప్పాలి కదా."

"నన్నెవరడిగారు?"

"మోకాలు నొప్పంటున్నాడు" అంది. పెదవి కొద్దిగా కదిలింది, నవ్వో కాదో. నేను తలెత్తలేదు. చిటికెన వేలు దాకా వచ్చాను.

"వచ్చే గురువారం పది గంటలకు" అంది.

"దూరం బాబా. ఆలస్యమవుతుంది."

"ఆలస్యం చేస్తే ఊరుకోను."

"ఏం చేస్తావు? లాక్కోవడానికి నా దగ్గర నువ్విచ్చింది ఇంకేం లేదు."

బాబా గదంతా కలియజూసింది. మంచం, మందుల గ్లాసు, కిటికీ గట్టు, గోడకు వేలాడుతున్న తలగుడ్డ.

"ముందు ఏదో ఒకటి ఇస్తాను. లాక్కోవడం తర్వాత చూద్దాం" అంటూ, కట్టు కట్టిన రెండో చెయ్యి కూడా ఇచ్చింది. దాని వేళ్ళు ఇంకా వాచి ఉన్నాయి. మెల్లగా మొదలుపెట్టాను.